పాత బ్యాండ్‌సా: రంగు వెనుక ఇనుము

తెలుగు ఊళ్ళలో బ్యాండ్‌సా అనగానే గుర్తుకు వచ్చేది టింబర్ డిపో వెనుక షెడ్డులో, ట్రాలీ మీద వచ్చే టేకు దుంగను పలకలుగా చీల్చే సామిల్లు యంత్రమే అయినా, దానికి ఇంట్లో ఒక మూల ఇమిడే చిన్న రూపం కూడా ఉంది. చెక్కపనిని వృత్తిగా కాక ఇష్టంగా చేసుకునేవారు మొదట కొనదగిన పెద్ద యంత్రం బహుశా అదే. ఒకదాని మీద ఒకటిగా నిలిపిన రెండు చక్రాల చుట్టూ, ఒక అంచున పళ్ళు గల సన్నని ఉక్కు పట్టీని రెండు కొసలూ అతికి వలయంగా తొడిగి, కింది చక్రాన్ని మోటారుతో తిప్పితే, ఆ పట్టీ నడుమ ఉన్న బల్ల గుండా ఎడతెగకుండా కిందికి దిగుతూ ఎదురుగా నెట్టిన చెక్కను కోస్తుంది. కోత బలం ఎప్పుడూ కిందికే పనిచేస్తుంది కనుక చెక్క బల్లకు అదుముకుని నిలుస్తుంది. గుండ్రని రంపపు బిళ్ళ గల యంత్రం ఒక్కొక్కప్పుడు చెక్కను పట్టి మనిషి మీదికి విసిరినట్లు ఇది విసరదు. వంపులు కోయడానికీ, మందమైన చెక్కను నిలువునా పలుచని పలకలుగా చీల్చడానికీ ఇంత తక్కువ పొట్టుతో పనిచేసే యంత్రం చిన్న వర్క్‌షాపులో మరొకటి ఉండదు.

ఇటువంటి యంత్రాన్ని పాతది కొనడం తెలివైన పని అనడానికి దాని చరిత్రే ఆధారం. 1808లో లండన్‌కు చెందిన విలియం న్యూబెరీ దీనికి పేటెంటు పొందినప్పటికీ, పట్టీ అతికిన చోట పదేపదే తెగిపోతూ ఉండడంతో ఆ ఊహ చాలా కాలం కాగితం మీదనే ఉండిపోయింది. 1846లో ఫ్రాన్స్‌లో ఆన్ పాలిన్ క్రెపిన్ అనే మహిళ అతుకు పద్ధతికి పేటెంటు పొందిన తర్వాతనే ఆ చిక్కు విడడం మొదలైంది. అతుకు నిలిచాక యంత్రం మూలసూత్రంలో పెద్ద మార్పేమీ రాలేదు. రెండు చక్రాలు, ఒక పట్టీ, ఒక బల్ల, పట్టీ పక్కకు తొలగకుండా కాచే గైడ్లు, ఒక మోటారు మాత్రమే గల ఈ యంత్రంలో కాలం చెల్లిపోయే భాగం దాదాపు లేదు.

పాత యంత్రాల్లో అన్నిటికంటే విరివిగా దొరికేదీ, అందరూ కొలబద్దగా తీసుకునేదీ అమెరికాలోని మిల్వాకీ నగరంలో పుట్టిన డెల్టా సంస్థ 1930లలో రూపొందించిన 14 అంగుళాల పోత ఇనుప బ్యాండ్‌సా. ఇక్కడ 14 అంగుళాలు అనేది చక్రం వ్యాసం. పట్టీకీ చట్రం నిలువు స్తంభానికీ నడుమ ఉండే ఖాళీ దానికంటే కొద్దిగా తక్కువగా ఉంటుంది, అంటే పలకను ఎంత వెడల్పు దాకా లోపలికి తోయవచ్చునో ఆ అంకె చెబుతుంది. బల్ల మీద నిలబెట్టి చీల్చగల చెక్క ఎత్తు సుమారు 6 అంగుళాలు కాగా, చట్రం రెండు భాగాల నడుమ రైజర్ బ్లాకు అనే మరో పోత ఇనుప దిమ్మను బిగిస్తే ఆ ఎత్తు 12 అంగుళాలకు పెరుగుతుంది, దానితోపాటు పట్టీ పొడవు 93½ అంగుళాల నుండి 105 అంగుళాలకు మారుతుంది. 1945లో డెల్టా రాక్‌వెల్ సంస్థ చేతికి వెళ్ళింది కనుక యంత్రం మీది పేరుపలకను బట్టి వయస్సును కొంత అంచనా వేయవచ్చు. తర్వాతి కాలంలో తైవాన్ ఫ్యాక్టరీలు ఇదే నమూనాను పోతపోసి జెట్, గ్రిజ్లీ వంటి పేర్లతో అమెరికా మార్కెట్టుకు పంపడం వల్ల కొనేవారికి ఒక గొప్ప మేలు జరిగింది: దశాబ్దాల నాటి యంత్రానికి కూడా టైర్లు, గైడ్లు, స్ప్రింగులు, పట్టీలు ఈనాటికీ కొత్తవి దొరుకుతున్నాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇంటి గరాజులో చెక్కపని మొదలుపెట్టాలనుకునే తెలుగువారికి పాత సామాను అమ్మకాల్లో ఎదురయ్యేది ఎక్కువగా ఈ కుటుంబానికి చెందిన యంత్రమే.

పాత యంత్రాన్ని పరీక్షించేటప్పుడు కన్ను మొదట పోయేది రంగు మీదికీ తుప్పు మీదికీ. నిజానికి ఆ రెండూ చివర చూడవలసినవి. అరిగిపోయే భాగం ఏది, అరగకూడని భాగం ఏది అన్న తేడాను బట్టి యంత్రం విలువను కట్టాలి. పట్టీ, టైర్లు, గైడ్లు, బేరింగులు, బెల్టు అన్నవి అరగడానికే ఉన్నవి, వాటిని మార్చుకోవచ్చు, మార్చుకోవడం కష్టమూ కాదు. చట్రం, చక్రాలు, వాటి ఇరుసులు, బల్ల అన్నవి మాత్రం చెడితే యంత్రమే చెడినట్లు. మొదటి జాబితాలో అన్నీ పాడైన యంత్రం బేరంలో దిగివస్తుంది కనుక అది కొనదగినదే, రెండవ జాబితాలో ఒక్కటి పాడైనది ఎంత తళతళలాడుతున్నా కొనదగినది కాదు.

చట్రం సంగతి కొంత వివరంగా చూడాలి. పోత ఇనుము కంపనాన్ని చక్కగా మింగుతుంది గాని దెబ్బకు ఓర్వదు. యంత్రం ఒక్కసారి బోర్లా పడితే పై చెయ్యి పగిలిపోవచ్చు. పగిలిన చోట ఇత్తడి అతుకు వేసి రంగు పూస్తే పైకి కనిపించదు, కాని పట్టీని బిగించినప్పుడు చట్రం మీద పడే లాగుడుకు అతుకు చోట చట్రం కొద్దిగా వంగినా రెండు చక్రాలూ ఒకే తలంలో నిలవవు. అందువల్ల టార్చిలైటు వెలుగులో పై చెయ్యి కింది భాగంతో కలిసే చోటును, బల్లను మోసే అర్ధచంద్రాకారపు దిమ్మలను వేలితో తడిమి మరీ చూడాలి. ఒక్క చోట మాత్రం రంగు కొత్తగా ఉంటే ఎందుకని అమ్మేవారిని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. పై చక్రాన్ని మోస్తూ పైకీ కిందికీ జారే దిమ్మ ఈ నమూనాకు పుట్టుకతో వచ్చిన బలహీనత. కొన్ని యంత్రాల్లో అది జింకు మిశ్రమంతో పోతపోసినది కావడం, పని ముగిశాక బిగువు వదలకుండా ఏళ్ళ తరబడి అలాగే ఉంచడం వల్ల వంగిపోతుంది, లేదా చీలిపోతుంది, దానితోపాటు స్ప్రింగు కూడా చతికిలబడుతుంది. ఈ రెండింటికీ బదులు భాగాలు దొరుకుతాయి కనుక అది బేరానికి పనికివచ్చే లోపమే గాని వదులుకోవలసిన లోపం కాదు.

చక్రాలను పరీక్షించడానికి ముందు కరెంటు ప్లగ్గు పీకి, బెల్టునూ పట్టీనీ తీసివేయాలి. చేతితో తిప్పిన చక్రం ఏ గరగరా లేకుండా చాలాసేపు తిరిగి మెల్లగా ఆగితే బేరింగు బాగున్నట్లు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ముందుకూ వెనుకకూ ఊపినప్పుడు టకటకమని కదిలితే బేరింగు పోయినట్లు, లేదా అంతకంటే చెడ్డగా, ఇరుసు అరిగినట్లు. బేరింగు మీద చెక్కిన సంఖ్య చూపిస్తే చాలావాటికి ఏ బేరింగుల దుకాణంలోనైనా జత దొరుకుతుంది, కాని అరిగిన ఇరుసుకు లేతు పని కావాలి. చక్రం అంచున ఉండే రబ్బరు పట్టెను టైరు అంటారు. పట్టీ పళ్ళను కాపాడడమే గాక, నడుమ కాస్త ఉబ్బుగా ఉండి పట్టీని దారి తప్పనివ్వకుండా మధ్యకు లాగే పని కూడా దానిదే. ఏళ్ళు గడిచిన టైరు ఎండి బీటలు వారడం సహజం, ఆ ఉబ్బు అరిగి గాడి పడడమూ సహజమే. యూరథేన్ టైర్లను వేడినీటిలో మెత్తబరచి తొడగడం ఇంట్లో చేసుకోదగిన పని కనుక దీనికి బెదరనక్కరలేదు.

ఆ తర్వాత పట్టీని తిరిగి తొడిగి, బిగించి, ముందు చేతితో తిప్పి చూసుకుని, తలుపులు మూసి యంత్రాన్ని నడిపించమని కోరాలి. నడిపించి చూపడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర మోటారు పాడైన యంత్రానికి ఇచ్చే ధరకు మించి ఇవ్వడం మంచిది కాదు. నడుస్తున్న యంత్రం బల్ల మీద, పట్టీకి దూరంగా, ఒక నాణేన్ని అంచు మీద నిలబెడితే అది పడకుండా నిలవడం చెక్కపనివారిలో పేరుపడిన పరీక్ష. నాణెం పడినంత మాత్రాన యంత్రాన్ని తోసిపుచ్చనవసరం లేదు, ఎందుకంటే చాలాకాలం కదలకుండా ఉన్న బెల్టు కప్పీ వంపునే పట్టుకుని గట్టిపడి ప్రతి చుట్టుకూ ఎగరేయడమో, మోటారు కప్పీ వదులై ఊగడమో అందుకు కారణం కావచ్చు. బెల్టు తీసి మోటారును విడిగా నడిపినప్పుడు కంపం పోతే దోషం బెల్టులోనో చక్రాల్లోనో ఉందనీ, పోకపోతే మోటారులోనో దాని కప్పీలోనో ఉందనీ తేలుతుంది.

గైడ్ల విషయంలో ఎక్కువ కాలం వెచ్చించనక్కరలేదు. పట్టీకి రెండు వైపులా ఉండే దిమ్మలు అరిగితే రాచుకుని సమం చేయవచ్చు, వెనుక నుండి పట్టీని కాచే బేరింగు ముఖం మీద లోతైన గాట్లు పడితే మార్చుకోవచ్చు. ఆ గైడ్లను మోసే నిలువు కడ్డీని మాత్రం పూర్తిగా కిందికి దించి ఒకసారి, పూర్తిగా పైకి ఎత్తి ఒకసారి చూసి, రెండు చోట్లా పట్టీకి అది ఒకే దూరంలో ఉందో లేదో గమనించాలి. తేడా వస్తే చెక్క ఎత్తు మారినప్పుడల్లా గైడ్లను సరిచేసుకోవలసి వస్తుంది, అది నిత్యం విసుగు పుట్టించే లోపం. బల్ల మీద ఉక్కు స్కేలును నిలబెట్టి కింద నుండి వెలుగు కనిపిస్తుందేమో చూడాలి. పైపై తుప్పు కిరసనాయిలుతో, సన్నని ఎమరీ కాగితంతో పోతుంది, గుంటలు పడిన తుప్పు పోదు.

యంత్రంతోపాటు ఉన్న పట్టీతో కోసి చూసి, కోత వంకరగా పోయిందని యంత్రాన్ని నిందించడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. ఒక పక్క పళ్ళు మొద్దుబారిన పట్టీ రెండో పక్కకు లాగుతుంది, అందులో యంత్రం తప్పు ఏమీ లేదు. సన్నని పట్టీ వంపులకు, వెడల్పు పట్టీ నిటారు కోతకు పనికివస్తాయి: పావు అంగుళం పట్టీ సుమారు 16 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల వంపు తిరగగలిగితే, అర అంగుళం పట్టీకి దాదాపు 64 మిల్లీమీటర్లు కావాలి. పళ్ళను అంగుళానికి ఎన్ని అని లెక్కిస్తారు; మందమైన పనసచెక్కనో టేకునో పలకలుగా చీల్చడానికి అంగుళానికి 3 పళ్ళ పట్టీ సరిపోతుంది, ఎందుకంటే పళ్ళ నడుమ లోతైన ఖాళీ ఉంటేనే పొట్టు బయటికి పోయి పట్టీ వేడెక్కకుండా ఉంటుంది. చీల్చే పనే ముఖ్యమైతే అర హార్స్‌పవర్ మోటారుతో 12 అంగుళాల చేవచెక్కను కోయగలమని ఆశపడడం తగదు. రైజర్ బ్లాకు ఎత్తును ఇస్తుంది గాని బలాన్ని ఇవ్వదు.

మోటారు పేరుపలకను చదవడం అన్నిటికంటే చవకైన పరీక్ష. ఫ్యాక్టరీల నుండి బయటికి వచ్చే పెద్ద యంత్రాలు చాలావరకు మూడు ఫేజుల కరెంటు మీద నడుస్తాయి. ఇంటికి ఒక ఫేజే ఉంటే వి.ఎఫ్.డి. అనే నియంత్రికను, అంటే ఒక ఫేజు కరెంటు నుండి మూడు ఫేజులు పుట్టించే పరికరాన్ని, కొనవలసి వస్తుంది, దాని ఖర్చును ముందే బేరంలో లెక్కించాలి. అమెరికా నుండి సామానుతోపాటు యంత్రాన్ని కూడా హైదరాబాదుకో విజయవాడకో తెచ్చుకోవాలనుకునేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. 115 వోల్టులకే కట్టిన మోటారు ఇక్కడి 230 వోల్టులకు కాలిపోతుంది, రెండింటికీ పనికివచ్చే మోటారైతే తీగలు మార్చి కలుపుకోవచ్చు. అక్కడి కరెంటు సెకనుకు 60 ఆవర్తనాలది, ఇక్కడిది 50 కావడం వల్ల మోటారు వేగం ఆరో వంతు తగ్గుతుంది. చెక్క కోతకు పట్టీ నిమిషానికి 3,000 అడుగుల వేగంతో నడిచే యంత్రం ఇక్కడ 2,500 అడుగులకు దిగుతుంది, పనికి అది అడ్డు కాదు, కావాలనుకుంటే మోటారు కప్పీని కాస్త పెద్దది వేసుకుని సరిచేసుకోవచ్చు. పాత తీగల మీది తొడుగు పొడిపొడిగా రాలుతున్నా, ఎర్తు తీగ లేకపోయినా వాటిని మార్చిన తర్వాతనే యంత్రాన్ని వాడాలి.

మన దగ్గర సామిల్లులు ఖాళీ చేసిన యంత్రాలు తక్కువ ధరకు వస్తున్నాయని మోజుపడేవారు మరొక విషయం ఆలోచించాలి. అడవుల సంరక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తర్వాత లైసెన్సు లేని సామిల్లుల మీద అదుపు కఠినమైంది కనుక, దుంగలు కోయగల పరిమాణంలోని యంత్రాన్ని ఇంటికి తెచ్చే ముందు స్థానిక అటవీ శాఖ కార్యాలయంలో విచారించుకోవడం క్షేమం. ఇనుము కోసే బ్యాండ్‌సాను చెక్క యంత్రంగా పొరబడి కొనడం కూడా జరుగుతూ ఉంటుంది. దాని పట్టీ చెక్క యంత్రం వేగంలో పదో వంతుకు అటూ ఇటూగా నడుస్తుంది కనుక చెక్క మీద అది ఓపికను పరీక్షిస్తుంది. మూడు చిన్న చక్రాల మీద నడిచే చవక యంత్రాలు చూడడానికి ముచ్చటగా ఉన్నా, చిన్న చక్రం చుట్టూ పదేపదే బాగా వంగడం వల్ల వాటిలో పట్టీలు త్వరగా అలసి తెగుతాయి.

పాత యంత్రాలకు చాలావాటికి పొట్టును లాగే గొట్టం ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లో చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది కనుక, కింది తలుపుకు ఒక రంధ్రం చేసి పొట్టును పీల్చే యంత్రానికి గొట్టం కలపడం, ముక్కుకు మంచి మాస్కు కట్టుకోవడం కొన్న మొదటి వారంలోనే చేయవలసిన పనులు.

బేరం కుదిరాక యంత్రాన్ని ఇంటికి చేర్చడంలోనే ఎక్కువ నష్టాలు జరుగుతాయి. స్టాండుతో కలిపి 90 కిలోలకు అటూ ఇటూగా తూగే ఈ 14 అంగుళాల యంత్రానికి బరువంతా పైనే ఉండడం వల్ల చిన్న కుదుపుకే తూలిపడుతుంది. పట్టీ బిగువు వదిలి, పట్టీ తీసి, బల్లను విడదీసి, వీలైతే పై చేతిని కూడా నడుమ బోల్టు విప్పి వేరుచేసి, ఒక్కొక్క భాగాన్ని దుప్పటిలో చుట్టి వాహనంలో పడుకోబెట్టాలి. ఎత్తేటప్పుడు చక్రాలను గాని, బల్లను గాని పట్టుకోకూడదు, ఎందుకంటే అంతవరకు చెక్కుచెదరకుండా వచ్చిన ఇరుసు వంగేది ఆ క్షణంలోనే.