దగ్గరి సర్వరును చూపేదెవరు?

హైదరాబాదులో కూర్చుని ‘ఫెడోరా’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను డౌన్‌లోడ్ చేస్తున్నారనుకోండి. దాని ప్రతులు అనేక దేశాల సర్వర్లలో ఉన్నాయి. మీకు ఏది రావాలి?

“దూరమైతేనేం?” అంటారా? గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. న్యూయార్క్ మనకు సుమారు 13,000 కిలోమీటర్లు. తిన్నగా తీగ వేసినా పోయిరావడానికి 0.13 సెకను కావాలి. ముంబయికైతే 0.01 సెకను కూడా పట్టదు. ఫైలు ముక్కలు ముక్కలుగా వస్తుంది. అవి అందినట్లు మీ కంప్యూటరు మాటిమాటికీ జవాబివ్వాలి. అందుకే దూరం పెరిగితే ఆలస్యమూ పెరుగుతుంది.

మీ కంప్యూటరు ఐ.పి. చిరునామా ఒక సంఖ్య మాత్రమే. అందులో ఊరి పేరుండదు. అయితే ఏ సంఖ్యలను ఏ దేశంలోని ఏ సంస్థకు కేటాయించారో పట్టికలున్నాయి. వాటినిబట్టి ఫెడోరావారి ‘మిర్రర్‌మేనేజర్’ మొదట మీ నెట్‌వర్కులో, తర్వాత మీ దేశంలో, ఆపైన మీ ఖండంలో సర్వరును వెదుకుతుంది.

ఇది ఊహే సుమా! వి.పి.ఎన్. ద్వారా జర్మనీ చిరునామాతో వెళితే జర్మనీ సర్వరే ఎదురుకావచ్చు. దానివల్ల ఆలస్యమే తప్ప ప్రమాదం లేదు. మరి ఎవరిదో సర్వరు ఇచ్చిన ప్రతిని నమ్మడమెలా? ఫైలునుండి లెక్కగట్టిన సంఖ్యను ఫెడోరావారు ప్రకటించిన సంఖ్యతో పోల్చండి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ రెండూ కలవవు. దగ్గరిదా అన్నది ఊహ చెబుతుంది. అసలైనదా అన్నది లెక్కే చెప్పాలి.