మీకు తెలుసా? నలభైల్లో ఒంటి ఖర్చు తగ్గదు

ఇరవై నుంచి అరవై ఏళ్ల దాకా మన ఒళ్లు ఖర్చుచేసే కేలరీలు దాదాపు మారవు. 29 దేశాల్లో 6,400 మందికి పైగా, ఎనిమిది రోజుల పసికందు మొదలు 95 ఏళ్ల పెద్దల దాకా కొలిచిన ఈ లెక్క 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, తగ్గుదల మొదలయ్యేది అరవై తర్వాతే. అదీ ఏడాదికి 0.7 శాతం.

మరి నలభై దాటగానే నడుం చుట్టుకొలత ఎందుకు పెరుగుతోందంటారా? కండ తగ్గుతుంది, నడక తగ్గుతుంది, ఆడవాళ్లకు ముట్లుడిగాక కొవ్వు పొట్ట దగ్గర చేరుతుంది. నిజమే. అయినా పళ్లెంలో అన్నం కొలత మాత్రం పాతికేళ్లనాటిదే! రోజు మొత్తం శక్తిలో బియ్యం, గోధుమలవంటి ధాన్యాల వాటా 45 శాతం మించకూడదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. మనవాళ్లది 50 నుంచి 70 శాతం. బోగోలు మండలంలోని జువ్వలదిన్నె తీరాన దిగే కానాగంతలు, కవళ్లు వంటి చేపలు ఆ వాటా తగ్గించుకోవడానికి చక్కగా పనికొస్తాయి. అయితే పులుసు మీద ఎర్రగా తేలే నూనెతో జాగ్రత్త: ఒక్క పెద్ద చెంచాడు సుమారు 120 కేలరీలు, అంటే రమారమి వంద గ్రాముల అన్నం.