కణాలు పెంచే చదువు.. ఓపిక ఉంటేనే!

సున్నం ప్యాకెట్‌తో ఆడుకుంటున్న పిల్లాడు దాన్ని గట్టిగా నొక్కాడు. సున్నం కంట్లోకి చిందింది. ఇలాంటి ప్రమాదాల్లో నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున ఉండే మూలకణాలు, అంటే స్టెమ్‌సెల్స్‌, మాడిపోతాయి. అవి లేకపోతే కంటి పైపొర మళ్లీ పుట్టదు. వేరొకరి కార్నియా తెచ్చి అతికించినా ఎక్కువ కాలం నిలవదు.

రెండో కన్ను బాగుంటే దీనికి దారి చూపింది మన హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్‌ నేత్ర వైద్య సంస్థ. మంచి కంటి అంచు నుంచి సుమారు రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, చిన్న తునకలు చేసి, దెబ్బతిన్న కంటిపై ఉమ్మనీటి సంచి పొర పరిచి దానిమీద అతికిస్తారు. కణాలు అక్కడే పెరుగుతాయి. డాక్టర్‌ వీరేందర్‌ సాంగ్వాన్‌ బృందం 2012లో ప్రచురించిన ఈ పద్ధతి పేరు ‘స్లెట్‌’. అంతకుముందు కణాలను ల్యాబ్‌లో రెండు వారాలపాటు పెంచాల్సి వచ్చేది.

ఈ రంగంలోకి వెళ్లాలని ఉందా? అయితే ముందు అసలు విషయం తెలుసుకోండి.

ఏం చదువుతారు?

మూలకణం రెండు పనులు చేస్తుంది. తనలాంటి కణాలను పుట్టిస్తుంది, అవసరాన్ని బట్టి వేరే రకం కణంగా మారుతుంది. ఎముక మజ్జలోని మూలకణాలే రోజూ మన రక్తకణాలను తయారుచేస్తాయి. 2006లో జపాన్‌ శాస్త్రవేత్త షిన్యా యమనకా ఎలుక చర్మకణాల్లోకి నాలుగు జన్యువులు పంపి, వాటిని మూలకణాల్లా మార్చారు. 2012లో ఆయనకు జాన్‌ గుర్డన్‌తో కలిపి నోబెల్‌ వచ్చింది. యమనకా మొదట్లో ఎముకల వైద్యుడు!

టిష్యూ ఇంజినీరింగ్‌ది తర్వాతి మెట్టు. బీరతీగ పాకాలంటే పందిరి కావాలి కదా, కణాలకూ అంతే. ఆ పందిరినే స్కాఫోల్డ్‌ అంటారు. కణాలు, స్కాఫోల్డ్‌, ఎదుగుదలకు సంకేతాలిచ్చే ప్రొటీన్లు.. ఈ మూడూ కుదిరితేనే కణజాలం తయారవుతుంది. పని పూర్తయ్యాక చాలా స్కాఫోల్డ్‌లు నెమ్మదిగా కరిగిపోవాలి. అందుకే ఇది బైపీసీ వాళ్ల సొత్తే అనుకుంటే పొరపాటు. ఈ రంగానికి పునాది వేసినవారిలో ఒకరైన రాబర్ట్‌ లాంగర్‌ కెమికల్‌ ఇంజినీర్‌. మెకానికల్‌, మెటీరియల్స్‌ చదివినవారికీ చోటుంది. 2022లో ఎల్‌వీ ప్రసాద్‌ సంస్థ, ఐఐటీ హైదరాబాద్‌, సీసీఎంబీ కలిసి త్రీడీ ప్రింటింగ్‌తో కార్నియా తయారుచేసి కుందేలు కంటికి అమర్చాయి. వైద్యులు, ఇంజినీర్లు, జీవశాస్త్రవేత్తలు ఒకే బల్ల దగ్గర కూర్చుంటేనే అది సాధ్యమైంది.

దారి ఎటు?

డిగ్రీలోనే ‘స్టెమ్‌సెల్స్‌’ అనే పేరున్న కోర్సు కోసం వెతకనక్కర్లేదు. బీఎస్సీలో బయోటెక్నాలజీ, జువాలజీ, బయోకెమిస్ట్రీ లేదా బీటెక్‌లో బయోటెక్‌, బయోమెడికల్‌ చాలు. పునాది గట్టిగా ఉండాలి, అంతే.

* డీబీటీ సహకారంతో నడిచే ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ కోర్సులకు గ్యాట్‌-బి రాయాలి. హైదరాబాద్‌ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ దీని ద్వారా ప్రవేశాలున్నాయి.
* ఎంటెక్‌కు గేట్‌. బయోటెక్నాలజీ, బయోమెడికల్‌ పేపర్లు ఉన్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్‌ ఇంజినీరింగ్‌ విభాగమే ఉంది.
* పీహెచ్‌డీకి సీఎస్‌ఐఆర్‌ నెట్‌, డీబీటీ బెట్‌. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌ నెలకు రూ.37 వేలు, ఎస్‌ఆర్‌ఎఫ్‌ రూ.42 వేలు. ఇంటి అద్దె భత్యం అదనం.
* చూడాల్సిన సంస్థలు: హైదరాబాద్‌లో సీసీఎంబీ, బెంగళూరులో ఇన్‌స్టెమ్‌, పుణెలో ఎన్‌సీసీఎస్‌, తిరువనంతపురంలో శ్రీచిత్ర.

కొలువుల మాటేంటి?

డిగ్రీ అవ్వగానే ఆఫర్‌ లెటర్‌ చేతికొచ్చే రంగం కాదిది. సొంతంగా పరిశోధన చేయాలంటే పీహెచ్‌డీ తప్పదు, అంటే మరో ఐదారేళ్లు. ఈ మాట ఇంట్లో ముందే చెప్పి ఒప్పించుకోండి. ఎమ్మెస్సీతో ఆగిపోయేవారు ప్రాజెక్ట్‌ అసిస్టెంట్‌గా మొదలుపెట్టొచ్చు. ఎముక మజ్జ మార్పిడి కేంద్రాల ల్యాబ్‌లు, క్వాలిటీ కంట్రోల్‌, క్లినికల్‌ రీసెర్చ్‌, రెగ్యులేటరీ విభాగాల్లోనూ అవకాశాలుంటాయి.

రోగి కణాలనే మార్చి మందుగా ఇచ్చే చికిత్సలూ మొదలయ్యాయి. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్‌ కృషితో వచ్చిన కార్‌-టి చికిత్స ‘నెక్స్‌కార్‌19’కు 2023లో అనుమతి లభించింది. అది మూలకణ చికిత్స కాకపోయినా, కణాలను శుభ్రంగా పెంచి, పరీక్షించి, రికార్డు రాయగల మనుషులే దానికీ కావాలి. అందుకే సెల్‌ కల్చర్‌, ఫ్లో సైటోమెట్రీ, పీసీఆర్‌, కాస్త స్టాటిస్టిక్స్‌ చదువుకునే రోజుల్లోనే పట్టు తెచ్చుకోండి.

ఓపిక సంగతి ముందే చెప్పాలి. కణాలకు ఆదివారం తెలియదు. ఒకటి రెండు రోజులకోసారి వాటి ఆహారం మార్చాల్సిందే. చేయి కాస్త అజాగ్రత్తగా పడి ఫంగస్‌ చేరిందా, వారాల కష్టం చెత్తబుట్టలోకే.

ఫీజు కట్టేముందు..

‘స్టెమ్‌సెల్స్‌తో షుగర్‌, ఆటిజం నయం’ అనే ప్రకటనలు చూసే ఉంటారు. ఐసీఎంఆర్‌, డీబీటీ 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి ఆమోదిత చికిత్స. అనుమతి లేని మిగతా వాడకాలు అనుమతించిన క్లినికల్‌ ట్రయల్స్‌లోనే జరగాలి. అలాంటి ప్రకటనలిచ్చే చోట ఉద్యోగమో, సర్టిఫికెట్‌ కోర్సో ఇస్తామంటే రెండుసార్లు ఆలోచించండి. ఆశతో వచ్చే తల్లిదండ్రులకు లేని వైద్యం అమ్మడం మీ మొదటి ఉద్యోగం కాకూడదు.

కాలేజీలో చేరేముందు మూడు ప్రశ్నలు అడగండి. సెల్‌ కల్చర్‌ ల్యాబ్‌ ఉందా? అందులో విద్యార్థులే స్వయంగా పనిచేస్తారా, చూసి రావడమేనా? నిరుటి విద్యార్థులు ప్రాజెక్టులు ఎక్కడ చేశారు? జవాబులు సూటిగా రాకపోతే బ్రోషర్‌ ఎంత రంగులమయంగా ఉన్నా పక్కన పెట్టేయండి. ఈ వేసవిలోనే ఏదైనా ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్‌కు మెయిల్‌ పెట్టండి. రెండు నెలలు కణాలతో గడిపితే ఈ దారి మీదో కాదో మీకే తెలిసిపోతుంది.