పరీక్ష తప్పినవాళ్ళు

1897. శరత్తు వచ్చినా నాన్‌జింగ్‌లో ఎండ తగ్గలేదు. ప్రభుత్వ పరీక్షల ప్రాంగణంలో బారులు తీరిన ఇరుకు గదుల ముందు, సందులో ఒక లావుపాటి మనిషి పచార్లు చేస్తున్నాడు. ఒంటిమీద నూలుపోగు లేదు. కాళ్ళకు చిరిగిన చెప్పులు, నడినెత్తిన చుట్టేసిన జడ, చేతిలో ప్రశ్నపత్రం. తనకిష్టమైన పాత వ్యాసాలను తల ఊపుతూ రాగం తీసి వల్లిస్తున్నాడు. మంచి వాక్యం తగిలినప్పుడల్లా తొడ చరుచుకుని, ఈసారి గట్టెక్కడం ఖాయమని అరుస్తున్నాడు.

ఈ వేడుక చూస్తున్న పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి తన పరీక్ష సంగతే గుర్తులేకుండా పోయింది. గంటకు పైగా అలాగే ఉండిపోయాడు. ఇలాంటివాళ్ళ చేతికి అధికారం వస్తే జనం గతేమిటన్న ఆలోచన అతన్ని పట్టుకుంది. అతని పేరు చెన్ దుషియు. ఆ పరీక్ష తప్పాడు. 1921లో పుట్టిన చైనా కమ్యూనిస్టు పార్టీ వ్యవస్థాపకుల్లో ముందు చెప్పాల్సిన పేరు అతనిదే. ఈ ముచ్చట తన ఆత్మకథలో అతను స్వయంగా రాసుకున్నదే.

చైనా రాజవంశాల కథ చెప్పమంటే సాధారణంగా యుద్ధాలు, మహాకుడ్యం, అంతఃపుర కుట్రలు చెబుతారు. కానీ సుమారు 1,300 ఏళ్ళపాటు ఆ దేశాన్ని నడిపించిన దారం పరీక్ష. వంశం మారినప్పుడల్లా పరీక్షా మారింది. ఎవరు రాయొచ్చు, ఏం రాయాలి, ఎందరు నెగ్గాలి అన్నదాంట్లో ఆ కాలపు రాజకీయమంతా కనిపిస్తుంది. నెగ్గినవాళ్ళు సింహాసనానికి కాపలా కాశారు. తప్పినవాళ్ళలో కొందరు దాన్ని కూలదోశారు.

పెద్దింటి గుమ్మం దాటి

పరీక్షకు ముందు ఉన్నది పుట్టుక. హాన్ వంశం పోయాక, క్రీ.శ. 220 నుంచి మనుషులను తొమ్మిది తరగతులుగా విడదీసి కొలువులిచ్చే పద్ధతి నడిచింది. తరగతులు నిర్ణయించేది పెద్ద కుటుంబాలవాళ్ళే కాబట్టి, పై తరగతులన్నీ వాళ్ళ పిల్లలకే దక్కేవి. రాజు మారినా ఆ కుటుంబాలు మారేవి కావు. వాళ్ళ దృష్టిలో రాజే నిన్నమొన్న వచ్చినవాడు.

581లో సుయి వంశాన్ని స్థాపించిన వెన్ చక్రవర్తి ఈ పద్ధతిని తీసేశాడు. 589 నాటికి, శతాబ్దాలుగా ముక్కలై ఉన్న దేశాన్ని ఒకటి చేశాడు. పెద్ద కుటుంబాల దయ మీద ఆధారపడని ఉద్యోగులు అతనికి కావాలి. పరీక్ష అలా మొదలైంది. తెలివితేటలకు పట్టం కట్టాలన్న ఆదర్శం కంటే పెద్ద కుటుంబాల పొగరు దించాలన్న అవసరమే ఇందులో ఎక్కువని నాకనిపిస్తుంది.

తాంగ్ వంశం వచ్చాక (618–907) దీనికి మోజు పెరిగింది గానీ, తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. అన్నిటికంటే పైదైన జిన్‌షి పట్టా ఏడాదికి ఇరవై ముప్ఫై మందికి మించి దక్కేది కాదు. జవాబుపత్రం మీద పేరు కనబడేది. అందుకే అభ్యర్థులు పరీక్షకు ముందే తమ కవితలను చుట్టలుగా కట్టి, రాజధాని చాంగాన్‌లో పెద్దవాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగేవారు. సిఫారసు అక్కడ చాటుమాటు వ్యవహారం కాదు, మర్యాద. నెగ్గినవాళ్ళు ఊళ్ళోని పెద్ద గోపురం దగ్గర తమ పేర్లు రాసుకునేవారు. 800లో ఉత్తీర్ణులైన పదిహేడుగురిలో తానే చిన్నవాణ్ణని మహాకవి బయ్ జుయి మురిసిపోయాడు. అప్పటికి అతనికి ముప్ఫై దగ్గరపడుతున్నాయి.

చైనా చరిత్రలో తన పేర చక్రవర్తిగా ఏలిన ఒకే ఒక్క స్త్రీ వూ జెతియెన్ (690–705) కూడా ఈ పరీక్షనే పట్టుకుంది. పాత వాయవ్య కుటుంబాలు తనను ఒప్పుకోవని ఆమెకు తెలుసు. పరీక్షల ద్వారా కొత్తవాళ్ళను పైకి తెచ్చింది. 702లో సైనికోద్యోగాలకూ పరీక్ష పెట్టింది. స్త్రీలకు మాత్రం ఆమె హయాంలోనూ ప్రవేశం లేదు.

ఇక తప్పినవాళ్ళ సంగతి. ఉప్పు వ్యాపారుల ఇంట పుట్టిన హువాంగ్ చావ్ పలుమార్లు రాసి తప్పాడు. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం ఉన్న కాలం కాబట్టి దొంగరవాణాలో ఆరితేరాడు. 875లో తిరుగుబాటులో చేరాడు. 881 మొదలయ్యేసరికి పరీక్ష రాయడానికి వెళ్ళిన చాంగాన్‌లోకే సేనతో ప్రవేశించి సింహాసనమెక్కాడు. ఎక్కువకాలం నిలవలేదు. అయితే అతను ఊడ్చేసిన పెద్ద కుటుంబాలు మళ్ళీ కోలుకోలేదు. మిగిలిన కాస్తా 905లో పోయింది. సేనాని జు వెన్ పక్కన లీ జెన్ అనే సలహాదారు ఉండేవాడు. జిన్‌షి పరీక్ష మళ్ళీ మళ్ళీ తప్పి కడుపుమంటతో రగిలిపోతున్నవాడు. తమను తాము స్వచ్ఛమైన ప్రవాహంగా చెప్పుకునే ఈ పెద్దమనుషులను బురదనీళ్ళలో కలపాలని అతను సలహా ఇచ్చాడు. ముప్ఫైమందికి పైగా ఉన్నతాధికారులను ఒక్క రాత్రిలో చంపి పసుపు నదిలో పారేశారు. రెండేళ్ళకు తాంగ్ వంశమే లేదు.

పేరు కనబడని పత్రం

960లో వచ్చిన సాంగ్ వంశం ఈ గుణపాఠాన్ని బాగా వంటబట్టించుకుంది. చదువుకున్నవాణ్ణి బయట వదిలేయడం కంటే కొలువులో పెట్టి జీతమివ్వడం చవక. 977లో రెండో చక్రవర్తి ఒక్కసారే దాదాపు 500 మందికి పట్టాలిచ్చాడు. తాంగ్ కాలంలో ఇరవై ఏళ్ళలో ఇచ్చినన్ని అవి.

992లో, చక్రవర్తి ముందు జరిగే చివరి మెట్టైన రాజభవన పరీక్షలో అభ్యర్థి పేరు మీద కాగితం అతికించడం మొదలైంది. అయినా చేతిరాత పట్టేస్తున్నారని 1015 నాటికి ఇంకో అడుగు వేశారు. జవాబుపత్రాలన్నిటినీ గుమాస్తాలు తిరగరాయాలి, పరీక్షకుడి చేతికి ఆ నకలే వెళ్ళాలి. నేటి మన పరీక్షల్లో కోడ్ నంబర్లూ బార్‌కోడ్లూ చేస్తున్న పని ఇదే. వెయ్యేళ్ళ క్రితం కంప్యూటరు లేకుండా, కుంచెతో, వేల పత్రాలు తిరగరాసి మరీ చేశారు.

ఈ జాగ్రత్త ఎలాంటి చిక్కు తెచ్చిందో 1057లో చూడొచ్చు. ఆ ఏడు రాజధాని కాయ్‌ఫెంగ్‌లో ప్రధాన పరీక్షకుడు ఓయాంగ్ షియు. నాలుగేళ్ళ వయసులో తండ్రి పోతే, కాగితం కొనే స్తోమత లేని తల్లి రెల్లుపుల్లతో ఇసుకలో అక్షరాలు దిద్దించి పెంచిన బిడ్డ. ఆ కాలపు ఆడంబర శైలి అంటే ఆయనకు ఒళ్ళుమంట. సూటిగా, తేటగా రాసిన ఒక వ్యాసం చేతికి రాగానే మనసు గెంతింది. మొదటి స్థానం ఇవ్వబోయి ఆగాడు. ఇంత బాగా రాసింది తన శిష్యుడు జెంగ్ గాంగే అయ్యుంటాడు, శిష్యుడికే మొదటి స్థానమిస్తే లోకులు ఏమంటారు? రెండో స్థానంతో సరిపెట్టాడు. తీరా చూస్తే అది శిష్యుడిది కాదు. పశ్చిమాన సిచువాన్ నుంచి తమ్ముడితో కలిసి వచ్చిన ఇరవై ఏళ్ళ సు షి అనే అనామకుడిది. తర్వాతి కాలంలో చైనా సాహిత్యానికే తలమానికమైనవాడు అతను.

ఆ వ్యాసంలో ప్రాచీన రాజు యావో కాలపు న్యాయవిచారణ ఒకటి ఉదాహరణగా ఉంది. ఏ గ్రంథంలోదో పరీక్షకులకు అంతుపట్టలేదు. ఫలితాలొచ్చాక అడిగితే, అలా జరిగే ఉంటుందని ఊహించి రాశానని సు షి జవాబిచ్చాడని చెప్పుకుంటారు. మన దగ్గరైతే సున్నా మార్కులు పడేవి.

పుస్తకం చవకవడం ఈ మార్పుకు వెన్నుదన్ను. 932 నుంచి 953 దాకా ఇరవై ఏళ్ళు కష్టపడి, పరీక్షకు ఆధారమైన కన్ఫ్యూషియస్ సంప్రదాయ గ్రంథాలను చెక్క అచ్చులతో ముద్రించారు. రాతప్రతి కొనలేని రైతూ వర్తకుడూ కొడుకును బడికి పంపగలిగారు. కులీనుల స్థానంలో చదువరుల వర్గం పుట్టింది. దానివెంట దాని జాడ్యాలూ పుట్టాయి. ఫలితాల జాబితా అతికించిన రోజున ధనికులు బండ్లు కట్టుకుని వచ్చి, నెగ్గిన బ్రహ్మచారులను అక్కడికక్కడే అల్లుళ్ళుగా ఎగరేసుకుపోయేవారు. ఆడపిల్లతో పంపే కట్నాలు ఈ కాలంలోనే బాగా పెరిగాయి. సివిల్స్ ర్యాంకరుకు కట్నం ఎంతన్నది చర్చనీయాంశమైన మన సమాజానికి దీని మీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

కొలువు లేని కలాలు

మంగోలులు వచ్చాక పరీక్ష ఆగిపోయింది. 1230ల చివర్లో ఒకసారి పెట్టారు, ఆ తర్వాత 1315 దాకా ఊసే లేదు. పునరుద్ధరించినప్పుడూ మంగోలులకు, మధ్య, పశ్చిమాసియా జాతులకు, ఉత్తర చైనీయులకు, దక్షిణాదివాళ్ళకు సమానంగా సీట్లు పంచారు. జనంలో అత్యధికులు ఆఖరి వర్గంవాళ్ళే. కొలువు దక్కని చదువరులు కొందరు నాటకశాలల దారి పట్టారు. పండితులు ఛీకొట్టిన జానపదుల భాషలో గువాన్ హాన్‌చింగ్ వంటివారు రాసిన నాటకాలే మంగోలుల యువాన్ వంశ కాలపు గొప్ప వారసత్వం.

1368లో మంగోలులను తరిమి మింగ్ వంశం పెట్టిన జు యువాన్‌జాంగ్ పేద రైతు బిడ్డ, జోలెపట్టి తిరిగిన భిక్షువు. అతనికి చదువరులు కావాలి, వాళ్ళంటే పడదు. 1397లో ఉత్తీర్ణులైన యాభైమందికి పైగా అభ్యర్థులూ దక్షిణాదివాళ్ళేనని తేలడంతో ఉత్తరాది భగ్గుమంది. పత్రాలు మళ్ళీ దిద్దించాడు. ఫలితం సరైనదేనని దిద్దినవాళ్ళూ అన్నారు. సంపన్నమైన దక్షిణాన బడులు ఎక్కువ, యుద్ధాలతో చితికిన ఉత్తరాన తక్కువ. చక్రవర్తికి ఈ వివరణ వినే ఓపిక లేదు. కొందరికి మరణశిక్ష వేశాడు. ఎనభై దాటిన ప్రధాన పరీక్షకుడు లియు సాన్‌వును సరిహద్దుకు తోలేశాడు. తనే మళ్ళీ పరీక్ష పెట్టి 61 మందిని ఎంచాడు. అందరూ ఉత్తరాదివాళ్ళే! మనవడి కొడుకు కాలానికి గానీ ఇది కుదుటపడలేదు. దక్షిణానికి 60 శాతం, ఉత్తరానికి 40 శాతం అన్న కోటాతో తగవు తీర్చారు. ప్రతిభా, ప్రాంతమా అన్న వాదం ఆరు వందల ఏళ్ళ నాడే ఇంత రక్తం కళ్ళజూసింది.

పదిహేనో శతాబ్ది చివరికల్లా జవాబు రాసే తీరూ గడ్డకట్టింది. ఎనిమిది భాగాలు, జంట వాక్యాలు, అంతా లెక్క ప్రకారం. దిద్దడం సులువు, పక్షపాతమన్న మాట రాదు. దాని ఖరీదు ఆలోచన. ఆ తూకంలో వాక్యం పేర్చడం నేర్చుకోవడానికే యవ్వనమంతా కరిగిపోయేది.

ఇరవై వేల గదులు

1644లో ఉత్తరం నుంచి మంచూలు దిగారు. మగవాళ్ళంతా ముందుతల గొరిగి జడ వేసుకోవాలని 1645లో శాసించారు. తల ఉంచుకుంటే జుట్టు పోతుంది, జుట్టు ఉంచుకుంటే తల పోతుంది. అంత క్రూరంగా వచ్చినవాళ్ళు మరుసటి ఏడే పరీక్ష పెట్టారు. జడ మీద అంత పగ పెంచుకున్న చదువరులు ఆ జడతోనే పరీక్షకు వచ్చి కూర్చున్నారు. మంచూలు 268 ఏళ్ళు ఎలా ఏలగలిగారని అడిగితే నేను చూపించేది దీన్నే.

నాన్‌జింగ్ ప్రాంగణం ఈ కాలంలో 20 వేల గదులను మించిపోయింది. గదంటే మూడు గోడలు, రెండు చెక్కపలకలు. పగలు ఒకటి బల్ల, ఒకటి పీట. రాత్రి రెండూ ఒకే ఎత్తులో దించితే పడక, అదీ కాళ్ళు ముడుచుకుంటేనే. వంట, నిద్ర, రాత అన్నీ అక్కడే. మూడు విడతలు, విడతకు రెండేసి రాత్రులు. సందు చివర మరుగుదొడ్డి పక్క గది వచ్చిందంటే అయిపోయినట్టే. దాన్ని కంపు గది అనేవారు. చొక్కా లోపలివైపు చీమతలకాయంత అక్షరాలతో గ్రంథాలకు గ్రంథాలు రాసుకొచ్చిన ఘనులూ ఉన్నారు, ఆ చొక్కాలు కొన్ని నేటికీ మిగిలాయి. ఇంత చేస్తే ఆ ప్రాంగణంలో గట్టెక్కేది నూట యాభైమంది లోపే.

జనాభా 1850 నాటికి 40 కోట్లు దాటింది. కొలువులు ఆ లెక్కన పెరగలేదు. వింతకథలతో చిరస్మరణీయుడైన పు సోంగ్‌లింగ్ పందొమ్మిదేళ్ళకే తొలిమెట్టు పరీక్షలో ప్రథముడు. రెండో మెట్టు మాత్రం ముసలితనం దాకా ఎక్కలేకపోయాడు. డెబ్బై దాటాక వయసును చూసి ఒక బిరుదు పడేశారు. వు జింగ్‌జి నవలలో ఫాన్ జిన్ అనే పేదవాడు యాభై దాటాక నెగ్గానన్న వార్త విని పిచ్చెత్తిపోతాడు. కసాయి మామ లెంపకాయ కొడితే గానీ తేరుకోడు. నవ్వుతూనే చదువుతాం, నవ్వొచ్చే విషయం కాదు.

పు సోంగ్‌లింగ్ కథలు రాసుకున్నాడు. హోంగ్ షియుచువాన్ అలా ఊరుకోలేదు. దక్షిణాన గ్వాంగ్‌జోలో 1837లో మూడోసారి తప్పి జ్వరంతో మంచం పట్టాడు. ఏవేవో స్వర్గదృశ్యాలు చూశాడు. 1843లో నాలుగోసారీ తప్పాక, అంతకుముందెప్పుడో చేతికొచ్చిన క్రైస్తవ కరపత్రాలు తిరగేసి తాను ఏసు తమ్ముణ్ణని తేల్చుకున్నాడు. ఆ నమ్మకం నుంచి లేచిన తైపింగ్ తిరుగుబాటులో 1864 నాటికి రెండు కోట్లమంది పోయారని అంచనా. 1853లో నాన్‌జింగ్‌ను రాజధాని చేసుకున్న హోంగ్ అక్కడ చేసిన పనుల్లో ఒకటి తన మతగ్రంథాల మీద ప్రభుత్వ పరీక్షలు పెట్టడం.

ఆ రోజుల్లోనే లండన్‌లో, సిఫారసులతో కాక పోటీ పరీక్షతో అధికారులను ఎంచాలన్న చర్చ నడిచింది. చైనా ఉదాహరణను సమర్థకులూ ఎత్తారు, ఎగతాళి చేసినవాళ్ళూ ఎత్తారు. 1855లో ఈస్టిండియా కంపెనీ సివిల్ సర్వీసుకు బహిరంగ పోటీ పరీక్ష జరిగింది. హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల మెట్లెక్కుతున్న పిల్లలు ఆ పరీక్షకు వారసులు.

1905

1895లో జపాన్ చేతిలో ఓటమి, 1900లో బీజింగ్‌లోకి విదేశీ సేనలు. ఎనిమిది భాగాల వ్యాసంతో తుపాకులు తయారుకావని మంచూల చింగ్ వంశపు దర్బారుకూ తెలిసొచ్చింది. బీజింగ్ పరీక్షా ప్రాంగణం 1900 గలాటాలో కాలిపోయింది. 1904 నాటి ఆఖరి పరీక్షకు అభ్యర్థులు కాయ్‌ఫెంగ్ పోవాల్సి వచ్చింది. 1905 సెప్టెంబరు 2న మొత్తం వ్యవస్థనే రద్దు చేశారు.

షాన్షీలోని ఒక పల్లెలో లియు దాపెంగ్ అనే బడిపంతులు దినచర్య రాసుకునేవాడు. 1894లో రెండో మెట్టు నెగ్గినవాడు. రద్దు వార్త విన్నాక చదువుకున్నవాళ్ళకు ఇక బతుకుతెరువేదని అందులో కుమిలిపోయాడు. తర్వాత బొగ్గుగనుల వ్యాపారం చూసుకున్నాడు, పొలం దున్నుకున్నాడు. 1942లో పోయేదాకా తన దృష్టిలో చింగ్ ప్రజగానే ఉన్నాడు. కుర్రవాళ్ళు మాత్రం అతని దారిన పోలేదు. కొలువు ఆశ తెగిపోయాక సింహాసనాన్ని కాచుకుని ఉండాల్సిన పనేముంది? వేలమంది చదువులకని జపాన్ వెళ్ళి విప్లవం నేర్చుకొచ్చారు. పరీక్ష పోయిన ఆరేళ్ళకు, 1911లో, వుచాంగ్‌లో కొత్త సైన్యం చింగ్ పాలన మీద తిరగబడింది.

రద్దు చేయమని అర్జీ పెట్టిన పెద్దల్లో జాంగ్ జిదోంగ్ ఒకడు. 1863 రాజభవన పరీక్షలో మూడో స్థానం కొట్టిన ఘటికుడు. పక్కనే సంతకం చేసిన యువాన్ షికాయ్ యవ్వనంలో రెండుసార్లు తప్పి, విసుగెత్తి పుస్తకాలు తగలబెట్టి సైన్యంలో చేరినవాడు. 1912 ఫిబ్రవరి 12న ఆరేళ్ళ పసివాడు పుయి చేత సింహాసనం వదిలించిన బేరం నడిపింది ఆ యువానే. గణతంత్రానికి అధ్యక్షుడయ్యాడు, మూడేళ్ళకు తానే చక్రవర్తినన్నాడు, దేశమంతా ఎదురు తిరిగితే దిగిపోయాడు.

రాచరికం వద్దన్న విప్లవ నాయకుడు సున్ యట్‌సెన్ మాత్రం పరీక్షను వదల్లేదు. శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖల సరసన పరీక్షలకూ ఒక స్వతంత్ర శాఖ ఉండాలని రాజ్యాంగ సిద్ధాంతంలో పెట్టాడు. ఆయన పోయాక ఆ శాఖ ఏర్పడింది. తైవాన్‌లో ఇప్పటికీ ప్రభుత్వోద్యోగాల పరీక్షలు జరిపేది అదే.