అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిస్తే ఎంత మిగులుతుంది?

అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు తిరిగితే కనిపించేవన్నీ జీతం మాటలే. పైథాన్, డెవాప్స్, డేటా సైన్స్... ఏ బోర్డు చూసినా ‘నేర్చుకో, సంపాదించుకో’ అనే చెబుతుంది. మెట్రోలో ఒక్క స్టేషన్ అవతల పంజాగుట్ట. అక్కడ నిమ్స్ ముందు రిపోర్టుల కవర్లు పట్టుకుని నిలబడ్డవాళ్లను చూస్తే, సంపాదించింది ఎంత తొందరగా కరిగిపోతుందో అర్థమవుతుంది. ఈ రెండు చోట్ల మధ్య కాస్త చురుగ్గా నడిస్తే నాకు పట్టేది ఇరవై నిమిషాల పైచిలుకు. ఆ కాస్త నడకకూ మన బ్యాంక్ బ్యాలెన్స్‌కూ ఉన్న లింకు గురించే ఈ ముచ్చట.

వందలో 84 మంది!

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ పరిశోధకులు కలిసి నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించారు. 2025లో వచ్చిన ఫలితం చూస్తే గుండె గుభేలుమంటుంది. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 శాతం మందికి ఊబకాయం. వీళ్లేమీ రిటైరైన తాతయ్యలు కాదు. మనం హాస్టల్‌లో ఉండి, కోర్సుల ఫీజులు కట్టి, ఏ ఉద్యోగాల కోసం తంటాలు పడుతున్నామో ఆ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లే.

కుర్చీకి అతుక్కుపోవడం కంపెనీలో చేరాక మొదలయ్యేది కాదు. పొద్దున క్లాసు, మధ్యాహ్నం ల్యాబు, సాయంత్రం బజ్జీల బండి, రాత్రి మంచం మీదే ల్యాప్‌టాప్. అలవాటు ఇక్కడే పడుతుంది. దేశమంతటా ఇదే కథ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో మన పెద్దవాళ్లలో దాదాపు సగం మంది చాలినంత కదలడం లేదు. ఆడవాళ్లలో అయితే 57 శాతం.

జేబుకు మూడు చిల్లులు

మొదటిది మందుల బిల్లు. షుగర్, బీపీ ఒకసారి కట్టి వదిలించుకునే ఖర్చులు కావు. చివరి వాయిదా ఉండని ఈఎంఐలు. 2021-22లో దేశం మొత్తం వైద్యం ఖర్చులో 39 శాతానికి పైగా జనం సొంత జేబులోంచే పెట్టారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు, మంచిదే. కానీ గల్లీ చివర మెడికల్ షాపులో నెలనెలా అయ్యే బిల్లుకు అది పనికిరాదు.

రెండోది పోయే సంపాదన. కాంట్రాక్టు ఉద్యోగికి నాలుగు రోజుల జ్వరమంటే నాలుగు రోజుల జీతం కట్. డెలివరీ చేసే తమ్ముడికి నడుం పట్టేస్తే ఆ రోజు సున్నా.

మూడోది చాలామంది పట్టించుకోనిది, ఇన్సూరెన్స్. జబ్బు వచ్చాక పాలసీ తీసుకుంటే ఆ జబ్బుకు మూడేళ్ల దాకా కవరేజీ ఇవ్వకుండా ఆపొచ్చు. 2024 వరకు ఈ గడువు నాలుగేళ్లు ఉండేది. పైగా ప్రీమియం కూడా పెరగొచ్చు. ఒళ్లు బాగున్నప్పుడే పాలసీ చవక.

కదిలితే జీతం పెరుగుతుందా?

ఫిన్లాండ్‌లో దీన్ని కవల సోదరుల మీద చూశారు. ఒకే ఇల్లు, ఒకే పెంపకం కాబట్టి పోలిక కాస్త నమ్మదగ్గది. 15 ఏళ్ల సంపాదన లెక్కేస్తే, వ్యాయామం అలవాటున్నవాళ్లకు 14 నుంచి 17 శాతం ఎక్కువ వచ్చింది. అంటే జిమ్‌లో చేరిన మర్నాడే హైక్ వస్తుందని కాదు. పనిలో ఓపిక నిలుస్తుంది, సెలవులు తగ్గుతాయి, ఏళ్లు గడిచేకొద్దీ తేడా కనబడుతుంది.

మన దగ్గర ఇంకో మంచి ఉదాహరణ ఉంది. చెన్నై డాక్టర్ రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 531 మందిని సుమారు మూడేళ్లు గమనించింది. నడక, తిండి మార్చుకున్నవాళ్లలో షుగర్ ముప్పు 28.5 శాతం తగ్గింది. మందు బిళ్ల వేసుకున్నవాళ్లకు తగ్గింది 26.4 శాతం. నడకకు చీటీ అక్కర్లేదు, బిల్లూ రాదు. దేశంలో షుగర్ అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్ల మంది అని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

అంతా బద్ధకమేనా?

కాదు. అమీర్‌పేటలో ఫుట్‌పాత్ ఎక్కడుందో వెతుక్కోవాలి. రాత్రి పది దాటాక ఒంటరిగా నడవమని ఏ అమ్మాయికి చెప్పగలం? డబ్బుంటే జిమ్, పార్కు పక్కన ఫ్లాటు. లేకపోతే ఆరుగురున్న రూము. డబ్బు ఆరోగ్యాన్ని కొనిపెడుతుంది, ఆరోగ్యం డబ్బును నిలబెడుతుంది. నష్టపోయేది రెండూ తక్కువగా ఉన్నవాళ్లే. అందుకే నడిచే దారి అడగడం కూడా మన జీతం గురించి అడగడమే.

అప్పటిదాకా చేతిలో ఉన్నది చేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే రోజుకు 22. ఒక స్టేషన్ ముందే దిగండి. ఎస్కలేటర్ పక్కనే మెట్లున్నాయి, వాటిని వాడండి. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు కూర్చోకుండా నడుస్తూ మాట్లాడండి. అమ్మతో ఒక్క కాల్ చాలు, సగం కోటా అయిపోతుంది!

అమీర్‌పేటలో ఎవరైనా డెమో క్లాసు వినకుండా ఫీజు కడతారా? ఒంటికి కూడా ఒక్క వారం డెమో ఇచ్చి చూడండి. నచ్చితే కంటిన్యూ అవ్వండి, ఎలాగూ ఫీజు లేదు.