కీలులోని రబ్బరు

కశింకోట ప్రక్కగా పోవు రహదారి పలు తరముల వాహనములను చూచినది. ఒకప్పుడు శారదానదీ పరిసరముల పల్లెలనుండి అనకాపల్లి బెల్లపు మార్కెట్టునకు ఎడ్లబండ్లు సాగెడివి. ఇచటి 5వ నంబరు జాతీయ రహదారి 2010లో చెన్నపట్టణమును కలకత్తాతో కలుపు 16వ నంబరు రహదారిలో భాగమైనది. ఆ దారిని నేడు కార్లు గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నవి. ఆ వేగమున కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటును. అయినను నాడు బండి తోలిన రైతునకును, నేడు కారు నడుపు యువకునకును ఎదురైన ప్రశ్న ఒక్కటే: ఒకదానినొకటి ఆనుకొని కదలు రెండు భాగముల నడుమ ఏమి ఉంచవలెను?

రైతు అచట కందెన ఉంచెను. ఆముదములో గడ్డి కాల్చిన మసి కలిపి, ఇరుసునకు పూసి, చక్రమును ఎక్కించెడివాడు. కందెన లేని బండి కిర్రుమని అరచును. ఇరుసు అరిగి చక్రము ఊగిసలాడును. అయితే కందెన ఒరపిడిని తగ్గించునే గాని కుదుపును మ్రింగలేదు. గోతిలో పడిన చక్రపు దెబ్బ ఇరుసు మీదుగా నేరుగా తోలువాని వెన్నును చేరెడిది.

కారులో ఈ రెండు పనులును ఒకేచోట జరుగవలెను. చక్రము గోతిలో దిగి మరల పైకి లేవవలెను. కాని వెనుకకుగాని, ప్రక్కకుగాని తొలగరాదు. అందులకై చక్రమును ఆర్ములనెడి ఇనుప భాగములతో చట్రమునకు కీలుపరచుదురు. ఆ కీలులో నుండునదే బుష్షు. పెద్ద ఇనుప గొట్టములో చిన్న గొట్టమును నిలిపి, రెంటి నడుమ రబ్బరును గట్టిగా అతికించినచో బుష్షు అగును. ఆర్ము లేచినపుడు రబ్బరు మెలిపడును. దిగినపుడు యథాస్థితికి వచ్చును. ఇనుము ఇనుమును రాచుకొనదు, కందెనయు అక్కరలేదు. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారు వెనుక కమానుకట్టల చివరి కళ్ళలో రబ్బరు బుష్షులే ఉండెడివి.

రబ్బరు చేయు ఈ పనిని తరగతిగదిలోనే చూపవచ్చును. పెన్సిలు గీతలు చెరుపు రబ్బరును రెండు అరచేతుల నడుమ ఉంచి నొక్కిన, అది కొద్దిగానే అణగును. అట్లే నొక్కిపట్టి ఒక చేతిని ముందునకును, రెండవ చేతిని వెనుకకును జరిపిన, అది సులభముగా ఏటవాలగును. వదలిన వెంటనే తిన్నబడును. ఒక విధమగు బలమునకు లొంగుట, మరియొక విధమగు బలమునకు నిలుచుట, ఈ రెండును ఒకే ముక్కలో కలవు. పచ్చి రబ్బరు ఎండకు జిగురై, చలికి పెళుసగును. 1839లో అమెరికావాసి చార్లెస్ గుడ్‌ఇయర్ దానిని గంధకముతో కలిపి వేడిచేసి ఆ దోషమును తొలగించు మార్గము కనుగొనెను. బుష్షునకు పునాది అచటనే పడినది.

కాని రబ్బరు చిరాయువు కాదు. ఇంజను వేడిమి, కారిన నూనె, గాలిలోని ఓజోను దానిని బీటలువారజేయును. అప్పుడు గతుకులలో టకటకమను చప్పుడు వినవచ్చును. టైరు ఒక అంచున అరుగును. బ్రేకు నొక్కినపుడు కారు ఒక ప్రక్కకు లాగును. ఏలయనగా చక్రమును పట్టియుంచవలసిన ఆర్ము బ్రేకు బలమునకు వెనుకకు జరుగును. చక్రము చూచెడి దిక్కు మారును. స్టీరింగు తిప్పకయే చక్రము తిరిగినదన్నమాట. సెకనుకు 22 మీటర్ల వేగమున ఆ మార్పు ప్రాణములమీదికి తేగలదు.

ఇచటనే యువకుల ఉత్సాహము మొదలగును. రబ్బరునకు బదులు పాలీయురేథేను బుష్షు వేసినచో కారు మలుపులలో చెప్పినట్లు వినునని వారి నమ్మకము. 1937లో జర్మనీలో ఒట్టో బాయర్, అతని సహచరులు రూపొందించిన పదార్థజాతి ఇది. దీనితో రబ్బరుకంటె గట్టి బుష్షులు చేయవచ్చును. నూనెకు ఇది అంత త్వరగా చెడదు. ఆర్ము తక్కువగా జరుగుటచే చక్రపు దిక్కు నిలుచును. ఆ నమ్మకములో నిజము లేకపోలేదు.

అయితే దానికి చెల్లించవలసిన వెల కలదు. గట్టి బుష్షు రోడ్డు కుదుపును, చప్పుడును లోనికి పంపును. సామాన్యముగా ఇది లోపలి గొట్టమునకు అతికియుండక దానిపై జారును గనుక తగిన గ్రీజు లేనిచో కిర్రుమనును. రైతు కందెన మరల అవసరమైనదన్నమాట! కొన్ని ఆర్ములు లేచి దిగుచునే కొంత మెలితిరుగును. అట్టిచోట మితిమీరిన గట్టిదనము కీలునే బిగబట్టును. కొన్ని బుష్షులలో రబ్బరు నడుమ ఖాళీలు బుద్ధిపూర్వకముగానే విడిచియుందురు: అవి ఒక దిక్కున మెత్తగా, వేరొక దిక్కున గట్టిగా ఉండుటకు. అవి చిరుగులని భ్రమపడరాదు.

కావున మొదట చేయవలసినది చెడిన బుష్షును గుర్తించి, రెండు ప్రక్కలను కొత్త రబ్బరు బుష్షులే వేయించుట. అరిగిన దానితో పోల్చిన కొత్త రబ్బరే గొప్ప మెరుగుగా తోచును. రబ్బరు బుష్షుల బోల్టులను చక్రములు గాలిలో వ్రేలాడునపుడు తుదిగా బిగింపరాదు. కారు బరువు చక్రములపై నిలిచిన పిమ్మటనే బిగింపవలెను. లేనిచో రబ్బరు నిత్యము మెలిపడియుండి త్వరలో చిరుగును. పిదప చక్రముల అలైన్‌మెంటు సరిచూడవలెను. ఇవన్నియు చేసిన తరువాతను ఇంకను పట్టు కావలెనన్నచో, ఏ కీలు ఏ దిక్కున లొంగవలెనో తెలిసికొని గట్టి బుష్షును ఎన్నుకొనవచ్చును.

కందెన తక్కువైన ఇరుసు అరుగుననియు, ఎక్కువైన దుమ్ము పట్టుననియు నాటి బండివానికి తెలియును. కారు కీలులోని రబ్బరు నేర్పు పాఠమును అదియే: మెత్తదనమునకును గట్టిదనమునకును కొలత కలదు, ఆ కొలతను నిర్ణయించునది చక్రము చేయవలసిన పని.