మసాజ్ పని అని చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

దుబాయ్‌లో కారు అద్దాలకు పెట్టే, ఫుట్‌పాత్ మీద చల్లే మసాజ్ కార్డులు మీరంతా చూసే ఉంటారు. వాటిని నమ్మి ఏదో ఫ్లాట్‌కి వెళ్లి, దెబ్బలు తిని, డబ్బూ ఫోనూ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. జాగ్రత్తగా ఉండమని పోలీసులు పదే పదే చెప్తూనే ఉన్నారు. ఈ కార్డుల వల్ల ఇంకో నష్టం కూడా జరుగుతోంది. పని నేర్చుకుని, కాగితాలన్నీ సరిగ్గా పెట్టుకుని మసాజ్ థెరపిస్టుగా బతికేవాళ్లు నలుగురిలో తమ పని పేరు చెప్పుకోలేకపోతున్నారు.

అలాంటి ఒక చెల్లెలి గురించి ఈసారి రాస్తున్నాను. పేరు వద్దంది. ఊరు రాజోలు వైపు. మొదట ఇంటిపని వీసా మీద వచ్చింది. ఆ ఇంట్లో పెద్దావిడకి మోకాళ్ల నొప్పులు. రోజూ రాత్రి నూనె రాసి కాళ్లు పట్టేది. "నీ చేతిలో ఏదో ఉంది, నేర్చుకో" అని ఆ పెద్దావిడే అన్నదట. కాంట్రాక్టు అయిపోయాక ఇంటికెళ్లి, దాచుకున్న డబ్బుతో కేరళలో కొన్ని నెలలు శిక్షణ తీసుకుంది.

"మన మామ్మలు కాళ్లు చాపుకుని పసిబిడ్డని వేసుకుని నలుగు పెట్టడం చూసి పెరిగినదాన్ని కదా అక్కా, ఇందులో నేర్చుకోడానికేముందిలే అనుకున్నాను. మొదటి వారమే నా బొటనవేళ్లు వాచిపోయాయి" అని నవ్వింది. పొడవుగా రాయడం, కండరాన్ని పిసకడం, ముడిపడ్డ చోట రుద్దడం, అరచేతి అంచుతో తట్టడం ఒక్కోటీ ఒక్కో రకం. బలం వేళ్లలోంచి కాదు, ఒంటి బరువులోంచి రావాలి. లేకపోతే కొన్నాళ్లకే చేతుల కీళ్లు అరిగి పని మానేయాల్సి వస్తుంది.

అంతకంటే ముఖ్యమైన చదువు, ఎప్పుడు చెయ్యి వెయ్యకూడదో తెలుసుకోవడం. జ్వరం ఉందా, బీపీ అదుపులో ఉందా, ఈమధ్య ఆపరేషన్ అయ్యిందా, కడుపుతో ఉన్నారా అని అడగకుండా ఈమె పని మొదలుపెట్టదు. ఒకసారి ఒకావిడ విమానం దిగి వచ్చింది. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉంది. ముట్టుకుంటే నొప్పి. అలాంటప్పుడు లోపలి నరంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. గట్టిగా రుద్దితే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. "చెయ్యను మేడమ్, ఇప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్లండి అన్నాను. బేరం పోయిందని మేనేజర్ కోప్పడ్డారు. ఆవిడ మళ్లీ రాలేదు, ఏమైందో తెలీదు. కానీ ఆ రోజు నేను నా పని సరిగ్గా చేశానక్కా."

ఇంటిపనికీ దీనికీ తేడా ఏంటని అడిగాను. "ఇల్లు ఎంత తుడిచినా సాయంత్రానికి మళ్లీ మురికే. ఎవరూ చూడరు. ఇక్కడికి వచ్చినప్పుడు మనిషి భుజాలు చెవుల దాకా ఉంటాయి. వెళ్లేటప్పుడు కిందకి దిగి ఉంటాయి. అది నేను చేసిందే కదా. ఇంటికెళ్లాక కూడా ఆ తృప్తి ఉంటుంది."

దారంతా సాఫీగా ఏమీ లేదు. మొదట చేరిన చోట మూడో నెలలో ఒక రాత్రి ఫోన్ చేసి, ఫలానా కస్టమర్ ఫ్లాట్‌కి వెళ్లు, ఏం అడిగినా కాదనకు అన్నారట. వెళ్లనంది. జీతం ఆపారు, బెదిరించారు. అప్పుడే నాకు ఫోన్ చేసింది. నేను బీకామ్ చదివినదాన్ని. నాకు తెలిసిన విద్య కాగితాలు వరసలో పెట్టడమే. కాంట్రాక్టు, వాట్సాప్ మెసేజ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్ తేదీల వారీగా పెట్టి కార్మిక శాఖలో ఫిర్యాదు చేయించాను. కొన్ని వారాలు తిరిగాం. రావాల్సిన జీతం వచ్చింది. ఇప్పుడు వేరేచోట, ఆడవాళ్ల విభాగంలో పనిచేస్తోంది.

ఈ పనిలోకి రావాలనుకుంటే ఇవి గుర్తుపెట్టుకోండి:

• విజిట్ వీసా మీద పని చేయకూడదు. వర్క్ పర్మిట్‌లో, కాంట్రాక్టులో మీ పని పేరు ఏముందో చదివించుకోండి.

• నియామకం ఖర్చు యజమానిదే. మీ దగ్గర వసూలు చేయకూడదు. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకునే హక్కూ వాళ్లకి లేదు.

• కంపెనీ ఉద్యోగాలకు వర్తించే 2021 నాటి 33వ నంబరు చట్టం ప్రకారం మామూలుగా రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలే పని. వరసగా 5 గంటలకు మించి పని చేయించకూడదు. మధ్యలో కనీసం గంట విరామం ఇవ్వాలి.

• పనిచోట దాడి, వేధింపు జరిగితే నోటీసు ఇవ్వకుండానే ఉద్యోగం వదిలేయొచ్చు. కానీ ఫిర్యాదు చేయగలిగిన రోజు నుంచి 5 పనిదినాల్లోగా చేయాలి.

• సలహా, ఫిర్యాదుల కోసం కార్మిక శాఖ నంబరు 80084.

సైట్లలో పనిచేసే అన్నదమ్ములకి ఆమె ఒక మాట చెప్పమంది. నడుం నొప్పితో పాటు కాలు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా రూములో ఎవరిచేతా నడుం తొక్కించుకోకండి. నేరుగా క్లినిక్‌కి వెళ్లండి. పనిలో తగిలిన దెబ్బకి వైద్యం ఖర్చు యజమానిదే.

అన్నట్టు, నాలుగేళ్ల పాటు ఇంట్లో "హోటల్లో పని" అని చెప్పుకొచ్చింది. పోయిన సెలవులో అత్తగారి మోకాలికి నూనె రాస్తూ అసలు విషయం చెప్పేసిందట. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత రెండో కాలు కూడా చాపింది.